ఎనిమిది ఔన్సుల పాలు

ఫిజీకి వెళ్ళిన పెద్దల గిర్మిట్ కాగితం నకలును మనలో కొందరు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నారు. రోజుకు తొమ్మిది గంటల పని, మగవాడికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు అన్న షరతులు అందరికీ నోటికి వచ్చినవే. వాటి కిందుగా పిల్లల గురించి కూడా ఒక షరతు ఉంది. దానిమీద ఎవరి చూపూ పెద్దగా ఆగదు. అయిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వరకు పిల్లలకు సుమారు సగం రేషను, అయిదేళ్ళూ ఆ లోపూ ఉన్న బిడ్డకు రోజుకు తొమ్మిది ఛటాకుల పాలు, దిగిన మొదటి ఏడాది ఉచితంగా ఇస్తామని ఆ షరతు. ఛటాకు అంటే సేరులో పదహారో వంతు. తొమ్మిది ఛటాకులంటే అర లీటరుకు కాస్త పైన.

కాగితం మీది పాలు వేరు, గిన్నెలోకి వచ్చిన పాలు వేరు. కూలీ లైన్లలో చంటిబిడ్డలు ఎలా రాలిపోయారో మన ముసలమ్మలు చెప్పగా విన్నవాళ్ళం మనం. అయినా బిడ్డకు ఇంత బాకీ అని ఒక అంకె వేసి ఉంది.

ఆ అంకెను పక్కన పెట్టుకుని ఇంకొక అంకెను చూద్దాం. 1948 ప్రాంతంలో కెనడా పడమటి తీరాన, వాంకూవర్ దీవిలోని అల్బర్నీ అనే ఊరి వసతి పాఠశాలలో ఒక్కొక్క పిల్లకు రోజుకు దొరికిన పాలు ఎనిమిది ఔన్సులు, అంటే పావు లీటరుకన్నా తక్కువ. పిల్లలకు కావలసినదని ప్రభుత్వ నిపుణులే లెక్కకట్టిన దానిలో సగం కూడా కాదు. చాలడం లేదని తెలిసింది. తెలిసినవారు డాక్టర్లు. తెలిసిన తరువాత వారు చేసిన పని, మరి రెండేళ్ళపాటు ఆ ఎనిమిది ఔన్సులనే సాగనివ్వడం. తరువాత ఒక్కసారిగా మూడింతలు చేస్తే పిల్లల ఒళ్ళు ఎలా మారుతుందో చూడాలంటే ముందు కొంతకాలం తక్కువ పాలతో కొలతలు తీసిపెట్టుకోవాలి గదా.

ఈ సంగతి దేశమంతా తెలిసింది 2013 జూలైలో. ఇయన్ మోస్బీ అనే చరిత్రకారుడు ప్రభుత్వ దస్తావేజులు వెతికి, 1942 నుంచి 1952 వరకు కెనడా ఆదివాసుల మీద జరిగిన ఆహార ప్రయోగాల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. అంతకు పదమూడేళ్ళ ముందే, 2000లో, ఒక ఆంగ్లికన్ చర్చి పత్రిక ఇందులో కొంత బయటపెట్టింది గాని అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ పాఠశాలల గురించి మన పాఠకులలో కెనడాలో ఉన్నవారికి తెలుసు. మారిషస్‌లో, నాటాలులో, మలేసియాలో ఉన్నవారికి రెండు మాటలు చెప్పాలి. ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి, వారి భాష మాన్పించి, తెల్లవారి మాదిరిగా తయారు చేయాలని కెనడా ప్రభుత్వం 1880ల నుంచి చర్చిల చేత వసతి పాఠశాలలు నడిపించింది. 1920లో చట్టం సవరించి, ఏడేళ్ళ నుంచి పదిహేనేళ్ళ పిల్లలను బడికి పంపి తీరాలన్నారు. మొత్తంమీద లక్షా యాభై వేలమంది పిల్లలు ఆ బళ్ళలో పెరిగారు. చివరివి మూతబడింది 1990లలో. ఆ ఆదివాసులను చట్టంలో పిలిచిన పేరు ‘ఇండియన్లు’. కొలంబస్ దారి తప్పి వచ్చి మన పేరు వాళ్ళకు తగిలించాడు. ఆ పేరుతో పాటు ఏజెంట్లు, పాసులు, రేషన్లు, రిజిస్టర్లు కూడా వాళ్ళకూ మనకూ ఒకే దొరతనం నుంచి వచ్చాయి.

ఆ బళ్ళలో తిండి చాలదన్నది 1940లలో కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. బడికి ప్రభుత్వం ఇచ్చేది తలకింత అన్న లెక్క. 1957 దాకా ఆ పద్ధతే నడిచింది. గదులు కిక్కిరిసి క్షయ అంటుకుంటున్నదనీ, పిల్లలు చనిపోతున్నారనీ పీటర్ బ్రైస్ అనే ప్రభుత్వ వైద్యాధికారి 1907లోనే నివేదిక రాశాడు. ఎవరూ వినకపోతే, ఉద్యోగం వదిలిన తరువాత 1922లో ఆ కథను సొంతంగా పుస్తకం వేశాడు. దానికి ‘ఒక జాతీయ నేరం కథ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. కనుక తరువాత వచ్చిన డాక్టర్లు తెలియని లోకంలోకి అడుగు పెట్టలేదు.

ప్రయోగాలు మొదలైంది బడిలో కాదు, ఊళ్ళలో. 1942లో ఇండియన్ శాఖ వైద్యాధిపతి పెర్సీ మూర్, టొరంటో పిల్లల ఆసుపత్రి డాక్టరు ఫ్రెడరిక్ టిస్డాల్, మరికొందరు కలిసి ఉత్తర మానిటోబాలోని నార్వే హౌస్, క్రాస్ లేక్ ప్రాంతాలకు వెళ్ళారు. ఈ టిస్డాల్ సామాన్యుడు కాడు. పసిపిల్లలకు పెట్టే ‘పాబ్లం’ అనే గంజిపొడిని తయారుచేసిన ముగ్గురిలో ఒకడు. అంటే ఒక దేశం పిల్లల కడుపు నింపిన మనిషి. వీరికి అక్కడ కనిపించినవారు రోజుకు పదిహేను వందల కేలరీలైనా దొరకని జనం. ఇండియన్లు పుట్టుసోమరులు అని తెల్లవారు అనుకునే గుణమంతా నిజానికి తిండి లేకపోవడం వల్ల వచ్చినది కావచ్చునని ఆ డాక్టర్లే రాశారు. తోట దొరలు మన తాతలను ‘లేజీ కూలీ’ అన్న మాట విని పెరిగినవాళ్ళకు ఆ వాక్యం దగ్గర కొంచెం ఆగాలనిపిస్తుంది. ఇంత సరిగ్గా గ్రహించినవారు తరువాత చేసిందేమంటే, మూడు వందలమందిని ఎంచుకుని, వారిలో నూట ఇరవై అయిదుగురికి విటమిన్ మాత్రలు ఇచ్చి, తక్కినవారిని పోలికకోసం అలాగే ఉంచడం. ఆకలితో ఉన్నవాడికి కావలసినది అన్నం. పరిశోధనకు కావలసినది తేడా.

బళ్ళలో జరిగిన దానికి కర్త లయొనెల్ పెట్. ఈయన ప్రభుత్వ పోషకాహార విభాగానికి అధిపతి. ప్రతి కెనడా పౌరుడూ ఏమి తినాలో చెప్పే అధికారిక ఆహార నియమాలు 1942లో వెలువడింది ఈయన ఆధ్వర్యంలోనే. బళ్ళ వంటశాలలు తనిఖీ చేయించి, పిల్లలకు పోషణ లేదని నిర్ధారించుకున్నవాడూ ఈయనే. 1948లో ఆరు బళ్ళను ఎంచుకుని, సుమారు వెయ్యిమంది పిల్లల మీద అయిదేళ్ళ ప్రయోగం మొదలుపెట్టాడు.

అల్బర్నీలో పాల సంగతి చెప్పుకున్నాం. ఆల్బెర్టాలో బ్లడ్ అనే తెగవారి ప్రాంతంలోని ఒక బడిలో బి-1 విటమిన్ చాలని తిండిని కొలతలకోసం రెండేళ్ళు అలాగే సాగించి, తరువాత ఆ విటమిన్ చేర్చారు. నోవా స్కోషియాలోని షుబెనకాడీ బడిలో పిల్లలను రెండుగా విడదీసి సగం మందికి సి విటమిన్ మాత్రలు ఇచ్చారు. తక్కిన సగం మంది చిగుళ్ళు ఏమవుతాయో చూశారు. ఒంటారియోలో కెనోరా దగ్గరి సెయింట్ మేరీస్ బడికి న్యూఫౌండ్‌లాండ్ పిండి అనే ప్రత్యేకమైన పిండి పంపారు. అందులో విటమిన్లతో పాటు ఎముకల పొడి కలిసి ఉంది. ఆహార కల్తీ చట్టం ప్రకారం కెనడా తక్కిన ప్రాంతాలలో దాన్ని అంగట్లో అమ్మడానికి వీలులేదు. అమ్మరాని పిండిని బడి పిల్లలకు రొట్టె చేసి పెట్టవచ్చు! ఆ రొట్టె తిన్న పిల్లలలో రక్తహీనత తగ్గకపోగా పెరిగింది. అదే ఊళ్ళోని సిసీలియా జెఫ్రీ బడిలో ముడిగోధుమ రొట్టె పెట్టి, ఏది మంచి తిండో సిబ్బందికీ పిల్లలకూ పాఠాలు చెప్పారు. ఆల్బెర్టాలోని ఇంకొక బడికి ఏమీ ఇవ్వలేదు. అది కేవలం పోలికకు.

మనల్ని అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది పళ్ళ విషయం. పిల్లల పళ్ళు, చిగుళ్ళు చూసి పోషణను అంచనా కట్టాలని పెట్ బృందం పథకం. మధ్యలో పళ్ళ డాక్టరు వచ్చి వైద్యం చేస్తే లెక్క చెడిపోతుంది. అందుచేత ఆ బళ్ళలో పళ్ళు పుచ్చకుండా చేసే ప్రత్యేక వైద్యం ఆపమని 1949లో దంతవైద్య విభాగం నుంచి ఉత్తరం వెళ్ళింది. దీన్ని ఒక పిల్లవాడి వైపు నుంచి ఊహించి చూడండి. పన్ను సలిపి రాత్రంతా నిద్ర పట్టని ఎనిమిదేళ్ళవాడు, అమ్మ ఎక్కడో వందల మైళ్ళ దూరాన ఉంది, డాక్టర్లు వస్తారు, నోరు తెరిపించి చూస్తారు, కాగితం మీద రాసుకుంటారు, వెళ్ళిపోతారు. తొంభై దాటిన వయసులో పెట్‌ను దీని గురించి అడిగితే, పిల్లల పళ్ళు పుచ్చనివ్వాలన్న ఉద్దేశం తమకు లేదనీ, ఏదైనా పరిమితమైన కాలానికి, పరిమితమైన ప్రయోజనానికేననీ ఆయన సమాధానం. ఆయన దుర్మార్గుడని మనం అనుకోవడం లేదు. దుర్మార్గులు చేసి ఉంటే అర్థం చేసుకోవడం తేలికయ్యేది.

ఇంత చేసి సాధించినదేమిటి? చెప్పుకోదగిన శాస్త్రం ఏమీ రాలేదు. ప్రయోగం 1952లో ముగిసింది.

ఆ రోజులు అలాంటివి, అప్పటికి నీతి నియమాలు ఇంకా ఏర్పడలేదు అని కొందరు అంటారు. ఈ మాటను ఊరికే తోసేయకుండా పరీక్షించి చూడాలి. 1947 ఆగస్టులో న్యూరెంబర్గ్ న్యాయస్థానం నాజీ డాక్టర్ల కేసులో తీర్పు చెబుతూ, మనిషి మీద ప్రయోగం చేయాలంటే ఆ మనిషి తెలిసి, ఇష్టపడి ఇచ్చిన సమ్మతి తప్పనిసరి అని నియమం పెట్టింది. పెట్ ప్రయోగం మొదలైంది మరుసటి ఏడాది. అయితే జర్మనీలో రాక్షసుల కోసం చేసిన నియమం తమకు వర్తిస్తుందని అప్పటి మంచి డాక్టర్లు చాలామంది అనుకోలేదన్నది నిజమే. సరే. దానికన్నా దగ్గరి సాక్ష్యం ఒకటి ఉంది.

1954లో పోలియో టీకాను పరీక్షించారు. అమెరికాలోను, కెనడాలోని కొన్ని రాష్ట్రాలలోను, ఫిన్లాండులోను కలిపి సుమారు పద్దెనిమిది లక్షలమంది బడిపిల్లలు అందులో పాల్గొన్నారు. టీకాకు కావలసిన వైరస్‌ను పెద్ద ఎత్తున పెంచి ఇచ్చింది టొరంటోలోని కనాట్ ప్రయోగశాల. అది కూడా పిల్లల మీద ప్రయోగమే, అది కూడా బడిలోనే. కాని అక్కడ ప్రతి ఇంటికీ కాగితం వెళ్ళింది. అమెరికాలో ఆ కాగితం మీద ‘ఒప్పుకుంటున్నాను’ అని కూడా లేదు, మా బిడ్డను చేర్చుకోమని ‘కోరుతున్నాను’ అని ఉంది. తల్లి వద్దంటే సూది పడేది కాదు. పెట్ ప్రయోగానికీ దీనికీ మధ్య రెండేళ్ళే. ఆ రెండేళ్ళలో నీతి పుట్టిందనుకోలేం. ఎవరి పిల్లలకు నీతి వర్తిస్తుందన్నదే తేడా. ఒక దేశంలో ఓటున్న తల్లిదండ్రుల బిడ్డలు, ఓటులేని తల్లిదండ్రుల బిడ్డలు ఉన్నారు. ఆదివాసులకు తమ హోదా వదులుకోకుండానే పార్లమెంటు ఎన్నికలలో ఓటు వచ్చింది 1960లో. బ్రిటిష్ కొలంబియాలో మన దేశపు వలసవారికి వచ్చింది 1947లో. ఈ రెండు సంవత్సరాలూ గుర్తుంచుకోదగ్గవి.

ఇక్కడిదాకా కథ తేలిక, ఎందుకంటే తప్పు స్పష్టంగా ఉంది. కష్టమైనది ఇంకొకటి ఉంది. సాస్కచ్వాన్‌లో ఫోర్ట్ క్వాపెల్ క్షయ ఆసుపత్రి అధిపతి జార్జి ఫెర్గూసన్, 1933 నుంచి 1945 వరకు ఆ చుట్టుపట్ల రిజర్వులలోని ఆదివాసి శిశువుల మీద బి.సి.జి. టీకాను పరీక్షించాడు. అంతకుముందు 1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో, టీకా మందు కలుషితమై డెబ్భైమందికి పైగా శిశువులు చనిపోయారు. లోకమంతా ఆ టీకా అంటే భయపడుతున్న కాలం అది. ఆ భయం తీర్చుకోవడానికి దొరికినవారు ఆదివాసి బిడ్డలు. మొత్తం 609 మంది. 306 మందికి టీకా వేశారు, 303 మందికి వేయలేదు. టీకా వేసినవారిలో ఆరుగురికి క్షయ వచ్చి ఇద్దరు పోయారు. వేయనివారిలో ఇరవై తొమ్మిదిమందికి వచ్చి తొమ్మిదిమంది పోయారు. టీకా పనిచేసింది! మన చేతి మీద ఉన్న మచ్చ అదే టీకాది. మన పిల్లలు దాని వల్ల బాగుపడినవారే. దీన్ని తప్పు అనడం ఎలా?

అయితే అవే లెక్కలలో మరొక అంకె ఉంది. టీకా వేసినవారు, వేయనివారు అన్న తేడా లేకుండా, ఆ పిల్లలలో దాదాపు అయిదో వంతు మంది విరేచనాలతో, న్యుమోనియాతో చనిపోయారు. అవి పేదరికం జబ్బులు. ఇరుకు గుడిసె, చెడ్డ నీళ్ళు, చాలని తిండి. వాటికి మందు ఏమిటో 1933 నాటికే అందరికీ తెలుసు. తెలియని దాన్ని తెలుసుకోవడానికి డబ్బు వచ్చింది గాని, తెలిసిన దాన్ని చేయడానికి రాలేదు. చరిత్రకారిణి మోరీన్ లక్స్ ఈ సంగతి రాసేవరకు ఫెర్గూసన్ కథను కేవలం విజయగాథగానే చెప్పుకున్నారు. అది విజయమే. ఆ బిడ్డలకు దక్కిన విజయం ఎంత అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు సమ్మతి ఎవరిచ్చారన్న ప్రశ్నకు వద్దాం. పిల్లవాడు తనంతట తాను సమ్మతి ఇవ్వలేడు. వాడి తరఫున ఎవరో ఒకరు ఇవ్వాలి. అందరూ ఒప్పుకునే మాటే ఇది. చిక్కంతా ఆ ‘ఎవరో ఒకరు’ దగ్గర వస్తుంది. కెనడా వసతి బడిలో చేరిన పిల్లకు ప్రిన్సిపాలే సంరక్షకుడన్న లెక్క. ప్రభుత్వ డాక్టరు అడుగుతాడు, ప్రభుత్వ గ్రాంటుతో నడిచే బడి ప్రిన్సిపాలు సరేనంటాడు, తల్లికి కబురైనా వెళ్ళదు. ఈ ఏర్పాటు మనకు చిరపరిచితం. మారిషస్‌లోను, నాటాలులోను మన తాతల మంచిచెడ్డలు చూడడానికి దొరతనం వేసిన ఉద్యోగి పేరు ‘ప్రొటెక్టర్’, అంటే రక్షకుడు. ఆయన జీతం ఎక్కడి నుంచి, ఆయన విందులు ఎవరి బంగళాలో అన్నది మన పెద్దలు పాటలు కట్టుకునేంత బాగా తెలిసిన సంగతి. నాటాలు ఓడల జాబితాలలో చంకబిడ్డకు కూడా ఒక నంబరు ఉంది. ఆ నంబరుకు రక్షకుడు ప్రొటెక్టరు.

ఇదంతా తెల్లవాడు చేసిన పని అనుకుని ఊరుకుంటే మనకు సుఖంగా ఉండును. కాని భద్రాచలం సంగతి చెప్పకుండా ఈ వ్యాసం సాగదు. భద్రాచలం పేరు ఎత్తకుండా మన రామభజన ముగియదు గదా. ఆ ఊరి కథే ఇది.

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు పద్నాలుగు వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్.పి.వి. టీకా వేశారు. నడిపినది అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం తోడు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఆ పిల్లలలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు గొడవ చేయగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. దాన్ని మనం కాదనడం లేదు. టీకా మంచిదే. కెనడాలో 2007 నుంచి ఒక్కొక్క రాష్ట్రమూ బళ్ళలో అదే జబ్బుకు టీకా వేయిస్తున్నది, మన మనవరాళ్ళు వేయించుకున్నారు కూడా.

ప్రశ్న టీకా గురించి కాదు, కాగితం గురించి. 2013 ఆగస్టులో, అంటే కెనడాలో మోస్బీ వ్యాసం పత్రికలకెక్కిన మరుసటి నెలలో, భారత పార్లమెంటు స్థాయీసంఘం తన నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. మరి 1,948 పత్రాల మీద వేలిముద్రలు.

వార్డెన్ సంతకం ఎలా చేశాడు? పై నుంచి హెడ్‌మాస్టర్లకు, వార్డెన్లకు సంరక్షకుని హోదాలో సంతకం పెట్టే అధికారం ఇచ్చారు కనుక. అల్బర్నీ ప్రిన్సిపాలు, ఖమ్మం వార్డెన్ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. ఇద్దరి చేతా ఒకే పని చేయించారు. వార్డెన్‌ను తిట్టి ప్రయోజనం లేదు. అతడు పిల్లలకు అన్నం పెట్టేవాడే, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకువెళ్ళేవాడే. కాని పై అధికారి కాగితం పంపితే వద్దనగల మనిషి కాడు. వద్దనలేనివాడి అవునుకు విలువ ఏమిటి? ఇక ఆ వేలిముద్రలు. చదువురాని తల్లి వేలిముద్ర వేయడంలో తప్పు లేదు, కాగితంలో ఏముందో ఎవరైనా ఆమె భాషలో కూర్చుని చెప్పి ఉంటే. కోయపల్లెలో ఆ తల్లికి ఏమని చెప్పారు? మేజిస్ట్రేటు ఎదుట మన ముత్తవ్వకు షరతులు ‘చదివి వినిపించబడినవి’ అని రాసి ఉంటుంది, అది గుర్తుకు వస్తుంది.

ఇంత చెప్పాక, పిల్లల మీద పరిశోధనే వద్దంటే పోలేదా అని కొందరికి తోచవచ్చు. మన ఇళ్ళలో కొందరు పెద్దలు ఆ మాటే అంటున్నారు. ఆసుపత్రి నుంచి పరిశోధన కాగితం వస్తే చించి పారేస్తున్నారు. అది పొరపాటని మా అభిప్రాయం. పెద్దల మాత్రను సగానికి విరిచి పిల్లకు వేయడం మనకు అలవాటు. పిల్ల అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదని వైద్యులు నేర్చుకున్నది చేదు అనుభవంతో. టైఫాయిడ్‌కు వాడే క్లోరాంఫెనికాల్ పెద్దలకు ప్రాణదాత. పుట్టిన బిడ్డలకు ఇస్తే ఒళ్ళు బూడిదరంగుకు తిరిగి చనిపోయారని 1959లో గాని స్పష్టంగా బయటపడలేదు. పసివాళ్ళ కాలేయం దాన్ని అరిగించలేదు. జాగ్రత్తగా పరీక్షించకపోతే ప్రతి బిడ్డా లెక్కలేని ప్రయోగమే.

మన పిల్లల సంగతే చూడండి. 1972లో మారిషస్‌లోని వకోవా, కాత్ర్‌బోర్న్ పట్టణాలలో మూడేళ్ళ వయసు పిల్లలు 1,795 మందిని పరిశోధకులు ఎంచుకున్నారు. వారిలో మూడింట రెండు వంతులకు పైగా భారత సంతతివారు, అంటే చెరకుతోటల కూలీల మునిమనవలు. పిల్లల చర్మంలో కలిగే విద్యుత్ మార్పులు కొలిచి, పెద్దయ్యాక ఎవరికి మానసిక రోగం రావచ్చో ముందే పసిగట్టగలమా అన్నది మొదటి ఉద్దేశం. బ్రిటిష్, అమెరికా, డేనిష్ పండితులకు వారి వారి దేశాలలో పిల్లలు లేక కాదు. చిన్న దీవి, జనం ఎక్కడికీ పోరు, దశాబ్దాలపాటు వెంట ఉండి చూడవచ్చు. ఇది చదివినప్పుడు మనకు చురుక్కుమంటుంది. కాని అదే పరిశోధనలో భాగంగా వందమంది పిల్లలకు మూడో ఏట నుంచి అయిదో ఏట దాకా మంచి బడి, ఆటలు, వేడి భోజనం, పాలు ఇచ్చారు. ఆ పిల్లలు ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా తక్కినవారికన్నా నిదానంగా, చెడుదారి పట్టకుండా ఉన్నారని 2003లో ప్రకటించారు. ఈ ఫలితం ప్రపంచమంతా బాలవాడీలకు వాదనగా పనికివచ్చింది. మెచ్చుకోవాలా, నొచ్చుకోవాలా? మాకు రెండూ కలుగుతున్నాయి. ఇప్పుడు యాభై దాటిన ఆ పిల్లలలో ఈ పత్రిక చదివేవారు ఉంటే, వారి మాట మా మాటకన్నా విలువైనది.

కెనడా ఏమి నేర్చుకున్నది? 1978లో వైద్య పరిశోధన మండలి మనుషుల మీద ప్రయోగాలకు మార్గదర్శకాలు వేసింది. 1998లో మూడు పరిశోధన మండళ్ళు కలిసి ఉమ్మడి విధానం తెచ్చాయి. 2010లో దానికి ఆదివాసుల మీద పరిశోధన గురించి ఒక పూర్తి అధ్యాయం చేర్చారు. ఒక్కొక్క మనిషిని అడిగితే చాలదు, ఆ సమాజంతో ముందు కూర్చుని మాట్లాడాలి అన్నది దాని సారం. పిల్లల విషయంలో రెండు వైపులా చెప్పారు. పిల్లలను కారణం లేకుండా పరిశోధన నుంచి తప్పించరాదు, ఎందుకంటే ఫలం వారికీ అందాలి. తల్లిదండ్రులు సరేనన్నా, విషయం కొంత అర్థం చేసుకోగల బిడ్డ వద్దంటే అక్కడితో ఆపాలి. ఇది చిన్న విషయం కాదు. మన ఇళ్ళలో బిడ్డ వద్దంటే ‘నీకేం తెలుసు, ఊరుకో’ అనడమే గదా రివాజు.

కాగితం మీద నియమాలు ఉన్నంత మాత్రాన అంతా సరిపోలేదు. టొరంటోలో, టిస్డాల్ పనిచేసిన ఆ పిల్లల ఆసుపత్రిలోనే, నాన్సీ ఒలివియేరి అనే డాక్టరు తలసేమియా రోగులకు కొత్త మందు ఒకటి పరీక్షిస్తూ, కొందరిలో అది సరిగా పనిచేయడం లేదని గమనించారు. తలసేమియా మధ్యధరా ప్రాంతంవారిలోను, మనవారిలోను తరచు కనిపించే రక్తవ్యాధి. రోగులకు ఈ సంగతి చెప్పాలని ఆమె పూనుకోగా, 1996లో మందుల కంపెనీ పరీక్షలు ఆపి, చెబితే కోర్టుకు లాగుతామని బెదిరించింది. ఆమెకు అండగా నిలవవలసినవారు నిలవలేదని 2001లో స్వతంత్ర విచారణ సంఘం అన్నది. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవడంతో బాధ్యత తీరదు, ఆ తరువాత తెలిసినది కూడా చెప్పాలి అన్న మాట మీద ఆమె నిలబడ్డారు.

దక్షిణాసియా కుటుంబాల బిడ్డలలో మధుమేహం, గుండెజబ్బుల మూలాలు ఎక్కడున్నాయో చూడడానికి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు 2011 నుంచి ఒంటారియోలోని పీల్ ప్రాంతంలో సుమారు వెయ్యిమంది గర్భవతులను చేర్చుకుని, పుట్టిన పిల్లల పెరుగుదలను గమనించసాగారు. మధుమేహం లేని ఇల్లు మనలో ఎన్ని? అటువంటి కాగితం ఇంటికి వస్తే చించకండి. వంటింటి బల్ల మీద పెట్టి, ఇంగ్లీషు చదవగలిగిన కోడలో మనవడో అవ్వకు కూడా అర్థమయ్యేలా చదవండి. బిడ్డ రక్తం ఎంత తీస్తారు, ఎన్నిసార్లు, ఏ సంగతి బయటపడితే మనకు చెబుతారు, మధ్యలో మానుకుంటే వైద్యం ఏమైనా తగ్గుతుందా అని అడగండి. అడిగినందుకు విసుక్కునే మనిషి అయితే అప్పుడు చించవచ్చు.

2024 సెప్టెంబరు 18న కెనడా వైద్య సంఘం, ఆదివాసులకు వైద్యవృత్తి చేసిన అన్యాయాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. సభ జరిగింది విక్టోరియా నగరంలో. అది వాంకూవర్ దీవి దక్షిణపు కొసన ఉంది. అల్బర్నీ అదే దీవిలో, కారులో వెళితే ఒక పూటలో చేరవచ్చు. 1973లో మూతబడిన ఆ బడిలో రోజుకు ఎనిమిది ఔన్సుల పాలు తాగిన పిల్లలలో ఆనాటికి బతికి ఉన్నవారు ఎనభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవారు.